డ్రైవర్ మార్చే ముందు చూడవలసినది

సంపాదకులకు,

యూఎస్‌బీ పరికరం పనిచేయకపోతే డ్రైవర్‌ను (పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్‌ను) తీసేసి మళ్లీ వేసుకోమనీ, అప్పటికీ కుదరకపోతే ఆపరేటింగ్ సిస్టమ్‌నే కొత్తగా ఎక్కించుకోమనీ పత్రికల సాంకేతిక శీర్షికల్లో తరచూ సలహా కనిపిస్తుంది. పరికరం కంప్యూటర్‌కు అసలు కనిపించిందా, కనిపిస్తే దానికి డ్రైవర్ జతపడిందా, జతపడినది సరైనదేనా అన్న మూడు వేర్వేరు ప్రశ్నలను ఈ సలహా ఒకే గాటన కట్టేస్తుంది.

పరికరాన్ని తగిలించగానే సిస్టమ్ దాని వివరాలు అడుగుతుంది. తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య, తరగతి కోడ్ (అది ఏ రకం పరికరమో చెప్పే సంఖ్య) వంటివి జవాబుగా వస్తాయి. వాటిని బట్టే డ్రైవర్ ఎంపిక జరుగుతుంది. ఆ జవాబే రాకపోతే లోపం కేబుల్‌లోనో, పోర్టులోనో, పరికరంలోనో ఉండవచ్చు కనుక డ్రైవర్ మార్చి లాభం లేదు. విండోస్‌లో ఎర్రర్ కోడ్ 43తో పాటు డిస్క్రిప్టర్ (అంటే ఆ వివరాలు) అందలేదన్న సందేశం వచ్చేది ఇలాంటప్పుడే. కోడ్ 28 అయితే డ్రైవర్ లేదనే అర్థం.

చిక్కంతా మూడో ప్రశ్న దగ్గరే. లినక్స్‌లో డ్రైవర్ మొత్తం పరికరానికి కాక అందులోని ఒక్కొక్క ఇంటర్‌ఫేస్‌కు, అంటే ఒక్కో పని చేసే భాగానికి, జతపడుతుంది. అందుకే వెబ్‌క్యామ్‌లో బొమ్మ వచ్చి మైకు పలకకపోవచ్చు. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 22.04లో సీహెచ్340 అనే చిప్ ఉన్న ఆర్డ్వినో తరహా చిన్న ప్రోగ్రామింగ్ బోర్డులను తగిలిస్తే సీరియల్ పోర్టు (కంప్యూటర్ బోర్డుతో మాట్లాడే దారి) ఒక్క క్షణం కనిపించి మాయమయ్యేది. అంధులు వాడే కొన్ని బ్రెయిలీ పరికరాల్లోనూ అవే గుర్తింపు సంఖ్యలున్న చిప్ ఉండటంతో, బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్ బోర్డును కూడా తనదే అనుకుని, అప్పటికే జతపడిన డ్రైవర్ నుంచి లాగేసుకునేది. చాలామంది ఆ ప్రోగ్రామ్‌నే తొలగించమన్నారు. అది అవసరమైనవారి సంగతి ఆలోచించకుండా ఇచ్చిన సలహా అది. ఆ సంఖ్యలకు సంబంధించిన యూడెవ్ (పరికరం తగిలించగానే ఏం చేయాలో చూసే లినక్స్ భాగం) నియమాన్ని మాత్రమే నిలిపివేస్తే సరిపోయేది. సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ రాసుకునే లాగ్‌లో ఆ ప్రోగ్రామ్ పేరు స్పష్టంగానే పడేది, చూసినవారికి.

అందుచేత పాఠకుల ప్రశ్నలకు జవాబిచ్చేటప్పుడు పరికరం గుర్తింపు సంఖ్యలనూ, తగిలించిన వెంటనే లాగ్‌లో పడిన వరుసలనూ ముందుగా పంపమని కోరవలసిందిగా మీ శీర్షిక నిర్వాహకులకు మనవి. లినక్స్ వాడేవారిని ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆదేశాన్ని టీ గుర్తుతో (lsusb -t) నడిపి, ప్రతి ఇంటర్‌ఫేస్ పక్కన ఏ డ్రైవర్ పేరుందో కూడా రాయమని అడగవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు