కణ చికిత్స ఒక్కటే చాలదు, వ్యాయామమూ కావాలి

సంపాదకులకు నమస్కారం.

పక్షవాతానికి, తల గాయాలకు మూలకణాలు (ఎముక మజ్జ వంటి చోట్ల ఉండి, ఇతర రకాల కణాలుగా మారగల కణాలు) ఎక్కిస్తే చాలు, పడిపోయిన చేయి లేస్తుందన్న ప్రచారం మన పట్టణాల్లోనూ వినిపిస్తోంది. కానీ మన దేశంలోనే 5 కేంద్రాల్లో 120 మంది పక్షవాత రోగులపై జరిగి 2014లో ప్రచురితమైన పరిశోధనలో, వారి సొంత ఎముక మజ్జ కణాలను రక్తనాళంలోకి ఎక్కించడం సురక్షితమేనని తేలినా, కోలుకోవడంలో అదనపు మేలు కనిపించలేదు.

అయితే ఎలుకలపై చేసిన కొన్ని ప్రయోగాల్లో, కణాలు ఎక్కించి ట్రెడ్‌మిల్‌పై కూడా నడిపించినప్పుడు, విడివిడిగా ఇచ్చినప్పటికన్నా మెరుగైన ఫలితం వచ్చింది. ఎక్కించిన కణాలు ముఖ్యంగా నాడీకణాలకు తోడ్పడే పదార్థాలను విడుదల చేస్తాయి. మెదడులో ఏర్పడే కొత్త అనుసంధానాలకు పని నేర్పేది మాత్రం పదేపదే చేసే కదలికే. కాబట్టి రోగులపై జరిపే ఇలాంటి ప్రతి పరిశోధన (క్లినికల్ ట్రయల్)లోనూ ఫిజియోథెరపీ ఎంతసేపు, ఎంత తీవ్రతతో ఇచ్చారో నమోదు చేయాలి. లేకుంటే మేలు దేనివల్ల కలిగిందో ఎన్నటికీ తేలదు.

జపాన్ 2024లో తల గాయం వల్ల కలిగిన పక్షవాతానికి కణాలతో తయారైన ఒక మందును షరతులతో ఆమోదించింది. మన 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం మాత్రం ఈ చికిత్స ఇంకా పరిశోధనే, దానికి రోగి నుంచి డబ్బు తీసుకోకూడదు. పొలం అమ్మి కణాలు కొనుక్కునే దుస్థితి ఏ కుటుంబానికీ రాకుండా, ఇప్పటికే మేలు రుజువైన ఫిజియోథెరపీని ప్రతి ఏరియా ఆసుపత్రిలో నెలల తరబడి ఉచితంగా అందించాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరుతున్నాను.

— ఒక ఫిజియోథెరపిస్టు, వరంగల్