విశాఖకు వచ్చే పిల్లలకు మన సముద్రాన్నే చూపించండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

విశాఖపట్నంలో పెద్ద అక్వేరియం కట్టాలన్న మాట ఏళ్ల తరబడి నలుగుతూనే ఉంది. ఆ మాట వచ్చిన ప్రతిసారీ అద్దాల సొరంగం పొడవు ఎంత, ఖర్చు ఎన్ని కోట్లు అన్న చర్చే నడుస్తుంది. ఆ సొరంగంలోకి నడిచి వెళ్లే కుటుంబం గురించి, వాళ్లు అక్కడ గడిపే పూట గురించి మాట్లాడినవాళ్లు నాకు కనబడలేదు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను. నేను ఈ ఊళ్లో బడిపంతులమ్మగా పనిచేసి ఉద్యోగ విరమణ చేసినదాన్ని.

విశాఖలో ఇల్లున్నవాళ్లకు వేసవి సెలవులంటే చుట్టాల రాకే. అనంతపురం నుంచి మా ఆడపడుచు పిల్లలతో బయలుదేరుతోందంటే, రైలు టికెట్లు ఖాయమైన రోజు నుంచే ఫోన్లో లెక్కలు మొదలవుతాయి. జూకి ఒక పూట, కురుసుర జలాంతర్గామికి ఒక సాయంత్రం, అరకుకి ఒక పూర్తి రోజు. పిల్లల ప్రశ్న మాత్రం వేరే ఉంటుంది: "అత్తా, సముద్రం లోపల ఏముంటుందో చూపిస్తావా?" సముద్రం ఎదురుగానే ఉంది, లోపల ఏముందో చూపించడానికే సరైన చోటు లేదు. బీచ్ రోడ్డులోని మత్స్యదర్శిని ఎందరో పిల్లలకు మొదటిసారి చేపను అద్దంలోంచి చూపించింది, దానిమీద నాకు గౌరవం ఉంది. కానీ అది చిన్నది. ఐదారు వందల కిలోమీటర్లు, అంతకన్నా ఎక్కువ దూరం ప్రయాణించి వచ్చిన కుటుంబానికి ఒక పూటకు సరిపడే చోటు కాదు.

పెద్ద అక్వేరియం ఎలా ఉంటుందో చూపిద్దామని ఒకసారి ఇంటిల్లిపాదినీ వేరే రాష్ట్రంలోని ఒక నగరానికి తీసుకెళ్లాం. అక్కడ ఎదురైనవి మీకు చెప్పాలి. టికెట్ల వరుస ఎండలో. లోపల నడక పొడవునా ఒక్క బల్ల లేదు. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు గోడకు ఆనుకుని నిలబడి ఊపిరి తీసుకున్నారు. చాలా తొట్ల అద్దాలు నాలుగేళ్ల పిల్లవాడి తల కన్నా పైనుంచి మొదలయ్యాయి. వాణ్ణి ఎత్తుకుని ఎత్తుకుని మా వారి భుజాలు పడిపోయాయి. వెనకనుంచి జనం తోసుకొస్తుంటే అరవై అడుగులు వేసేసరికి సొరంగం అయిపోయింది. దాని తర్వాత వచ్చింది బొమ్మల దుకాణం.

అయినా ఆ రోజు ఒక మంచి సంగతి జరిగింది. ఒక తొట్టిలో వెండి రంగు మెరుపుతో, వీపు దగ్గర ఎత్తుగా, కళ్లు ఎర్రగా మెరుస్తున్న పెద్ద చేపను చూసి మా అత్తగారు ఆగిపోయారు. ఆవిడ పుట్టిల్లు భీమిలి. "ఇది పండుగప్ప. గోస్తనీ సముద్రంలో కలిసే చోట మా నాన్న వల వేస్తే పడేది," అన్నారు. అది ఉప్పునీటిలోనూ మంచినీటిలోనూ బతుకుతుందని, గుడ్లు పెట్టే కాలానికి ఏటి ముఖం వైపు దిగుతుందని ఆవిడ చెబుతుంటే, మా పిల్లలతో పాటు పక్కనున్న పిల్లలూ చుట్టూ చేరారు. ఆ చేపకు సంబంధించిన అసలు వింత ఆవిడకూ తెలియదు, అక్కడి పలకమీదా లేదు. పండుగప్పలు చాలావరకు మగవిగా బతుకు మొదలుపెట్టి, కొన్నేళ్లకు పెరిగి పెద్దవై ఆడవిగా మారతాయి. ఆ ముక్క నేను చెప్పగానే పిల్లలు నోళ్లు తెరిచారు. ఆ పూటంతా వాళ్లు కదలకుండా నిలబడింది ఆ ఒక్క తొట్టి ముందే. అది విదేశాల నుంచి తెచ్చిన రంగుల చేప కాదని గమనించండి. మన ఏటి ముఖాల్లో తిరిగేది, మన చెరువుల్లో పెంచుతున్నది, మన ఇళ్లలో పులుసు అయ్యేది.

మంత్రి గారూ, నేను కోరేది ఇదే. విశాఖలో కట్టేది బంగాళాఖాతపు అక్వేరియం కావాలి. ఏ నగరంలో చూసినా కనిపించే అవే నారింజ చారల చేపలు, అవే అమెజాన్ చేపలు ఇక్కడా పెట్టేట్లయితే అనంతపురం పిల్లలు ఇంత దూరం రావలసిన పని లేదు.

ఇది జరగని పని కాదు. కాలిఫోర్నియాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తెలుగు తల్లిదండ్రులు చాలామంది మాంటెరే బే అక్వేరియం చూసి వచ్చి ఉంటారు. 1984లో తెరిచిన ఆ అక్వేరియం మూతపడిన చేపల డబ్బాల కర్మాగారం ఉన్న స్థలంలో లేచింది. అక్కడి పేరు మోసిన తొట్టి 28 అడుగుల ఎత్తున పెరిగే సముద్రపు నాచు అడవి. అందులో ఉండేవి ఎదురుగా ఉన్న అఖాతంలోని జీవాలే. నీళ్లూ ఆ అఖాతంలోవే. పగలు చూసేవాళ్లకు స్పష్టంగా కనబడాలని వడపోసిన నీరు వదులుతారు, రాత్రి వడపోయని సముద్రపు నీటిని పంపుతారు. ఆ నీటితో వచ్చే సూక్ష్మజీవులే లోపలి ప్రాణులకు ఆహారం. ఏ చేప తినడం సముద్రానికి మంచిదో జనానికి చెప్పే కార్యక్రమాన్ని కూడా ఆ సంస్థే 1999లో మొదలుపెట్టింది.

మనకేం తక్కువ? కోనెం, చందువ, కానాగంత, నెత్తళ్లు, సావడాయి, టేకు చేప, గుంపులు గుంపులుగా తిరిగే కవ్వళ్లు ఉన్నాయి. రుషికొండ వైపు పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, రాళ్ల గుంటల్లో నిలిచిన నీటిని వంగి చూస్తే సముద్రపు తారలు, గుల్ల మోసుకుని నడిచే పీతలు, పువ్వుల్లా విచ్చుకుని తాకగానే ముడుచుకునే జీవులు కనబడతాయి. ఆ రాళ్ల గుంటను ఉన్నదున్నట్టు ఒక తొట్టిగా, మూడడుగుల ఎత్తుకు మించకుండా అమర్చండి. గుడ్లు పెట్టడానికి మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల కథ కూడా అక్కడ చెప్పించండి. శాస్త్రం చెప్పేవాళ్లను ఎక్కడినుంచో పిలిపించనక్కర్లేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఈ ఊళ్లోనే ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది.

ఇంకొక సంగతి మీ దృష్టికి వచ్చిందో లేదో. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. బడుల వేసవి సెలవులు దాదాపు ఆ రోజుల్లోనే. అంటే విశాఖకు కుటుంబాలు ఎక్కువగా వచ్చే కాలంలోనే సముద్రం గురించి అందరికన్నా బాగా తెలిసినవాళ్లు పని లేక ఒడ్డున ఉంటారు. వేట నిషేధ భృతిని ప్రభుత్వం 2025లో 20,000 రూపాయలకు పెంచింది, సంతోషం. దానికి తోడుగా పెద జాలరిపేట, మంగమారిపేట, పూడిమడక వంటి ఊళ్ల మత్స్యకారులకు, ముఖ్యంగా చేపలమ్మే ఆడవాళ్లకు, ఆ రెండు నెలలు అక్వేరియంలో వివరించే పని ఇవ్వండి. తగిన శిక్షణ ఇచ్చి, న్యాయమైన కూలి కట్టివ్వండి. మా అత్తగారి చుట్టూ పిల్లలు ఎలా చేరారో నేను కళ్లారా చూశాను. ఏ వల ఏ చేపకో, ఏ గాలికి ఏ చేప ఒడ్డుకొస్తుందో చెప్పగలిగినవాళ్లు ఎదురుగా నిలబడితే పిల్లలు పలకలు చదవకపోయినా నాకు బాధ లేదు.

ఇక కుటుంబం గడిపే పూట సంగతి. టికెట్టును సమయం వేసి అమ్మండి, గంటకు ఇంతమందేనని గట్టిగా పాటించండి. ఫోన్లో కొనడం రానివాళ్ల కోసం కౌంటరులో కొంత వాటా ఉంచండి. జూకి, కురుసురకి సోమవారం సెలవు; అక్వేరియానికి వేరే రోజు సెలవు పెడితే సోమవారం ఊళ్లో ఉన్న చుట్టాలకు చూడటానికి ఒక చోటు దొరుకుతుంది. చేపలకు మేత వేసే వేళలు ముందుగా ప్రకటిస్తే దాన్నిబట్టి బయలుదేరతాం. రైల్వే స్టేషన్ నుంచి, ద్వారకా బస్ స్టేషన్ నుంచి నేరుగా గేటు దాకా సిటీ బస్సు ఉండాలి. స్త్రీ శక్తి పథకంతో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది కాబట్టి తల్లులు, అమ్మమ్మలు పిల్లల్ని తీసుకుని వాళ్లంతట వాళ్లే రాగలుగుతారు. ప్రభుత్వ బడి పిల్లలకు వారంలో ఒక ఉదయం ఉచితం చేయండి.

భవనం గీసేవాళ్లకు జపాన్‌లో ఒసాకాలోని కైయూకాన్‌ను చూపించండి. 1990లో తెరిచిన ఆ అక్వేరియంలో సందర్శకులను ముందుగా ఎనిమిదో అంతస్తుకు చేరుస్తారు. అక్కడినుంచి వాలు దారిలో, మధ్యలో ఉన్న 5,400 టన్నుల నీటి తొట్టి చుట్టూ తిరుగుతూ కిందికి దిగుతారు. అదే తొట్టిని పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి చూడవచ్చు. మెట్లెక్కే బాధ లేదు, చక్రాల కుర్చీ సాఫీగా సాగుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ప్రతి ఇంట్లో ఉన్న మన రాష్ట్రానికి సొరంగం కన్నా ఇలాంటి వాలు దారి అవసరం. ప్రతి పెద్ద అద్దం ముందు కూర్చునే బల్లలు, ప్రతి అంతస్తులో మరుగుదొడ్డి, పసిబిడ్డకు పాలివ్వడానికి గది ఉండాలి. ఇవి చివర్లో చేర్చే సదుపాయాలు కావు, మొదటి నక్షాలోనే ఉండాలి.

తుపాను గురించి చెప్పకుండా ఈ ఊళ్లో ఏ కట్టడం గురించీ మాట్లాడకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేకుండా బతికినవాళ్లం మేము. అక్వేరియంలో కరెంటు పోతే పంపులు ఆగుతాయి, నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, గంటల్లో చేపలు చస్తాయి. 2005లో కత్రినా తుపానుకు అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ అక్వేరియం భవనం నిలిచింది, కానీ జనరేటర్ ఆగిపోవడంతో వేలాది చేపలు చచ్చిపోయాయి. బతికి బయటపడ్డ పెంగ్విన్లను, సముద్రపు నీటికుక్కలను మాంటెరేకి తరలించారు. అద్దం మందం చెప్పే ప్రతి ప్రకటనలోనూ జనరేటర్లు ఎన్ని రోజులు నడవగలవో, ఏ ఎత్తున పెడతారో కూడా చెప్పమని కోరుతున్నాను. భవనాన్ని తీరం మీదికి జరపవద్దు, కొండను తొలచవద్దు.

కొన్ని జీవులను తేవద్దని కూడా వేడుకుంటున్నాను. డాల్ఫిన్లను వినోదం కోసం బంధించడానికి కేంద్ర జూ ప్రాధికార సంస్థ 2013లోనే అనుమతి లేదని చెప్పింది. తిమింగలమంత పెద్దగా పెరిగే సొరచేప, తిమింగలపు సొరకు (వేల్ షార్క్) మన దేశంలో 2001 నుంచి చట్టరక్షణ ఉంది. 2021 డిసెంబరులో తంతడి తీరంలో ఇసుకకు చిక్కుకున్న తిమింగలపు సొరను మత్స్యకారులు, అటవీ సిబ్బంది కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. ఆ పని చేసినవాళ్లనే పిలిచి, వాళ్ల మాటల్లోనే ఆ కథను ఒక తెరమీద చూపించండి. నిజమైన తిమింగలపు సొర ఏ తొట్టిలోనూ ఉండనక్కర్లేదు.

టెండర్లు పిలవకముందే ముసాయిదా ప్రణాళికను తెలుగులో అచ్చువేసి జనం ముందు పెట్టండి. అభిప్రాయ సేకరణ సభ ఒకటి నగరంలో, ఒకటి జాలరిపేటలో జరపండి. రెండింటికీ నేను వస్తాను. మా అత్తగారిని కూడా తీసుకొస్తాను, ఆవిడ కూర్చోవడానికి ఒక కుర్చీ వేయించండి.

భవదీయురాలు,
విశ్రాంత ఉపాధ్యాయిని,
విశాఖపట్నం