ముందుకు తెచ్చిన నిల్వ

సంపాదకులకు,

ఆర్థిక అసమానతల మీద మీ సంపాదకీయం చదివాను. 2022-23 నాటికి దేశ సంపదలో 40 శాతం ఒక్క శాతం మంది చేతిలోనే ఉందన్న ఆర్థికవేత్తల అంచనాను మీరు ప్రస్తావించారు. బాగుంది. అది వాళ్ల చేతికి ఏ దారిన వచ్చిందో మాత్రం రాయలేదు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో 38 ఏళ్లు పద్దులు రాసినవాణ్ణి. నేను చూసినంత మేరకు చెబుతాను.

2003 వేసవిలో మా యజమాని పోయారు. పెద్దకర్మ అయిన మర్నాడు పుస్తకం తెరిచి, పేజీ నెత్తిన ఉన్న ఆయన పేరు ఎర్ర సిరాతో కొట్టేసి, కింద కుమారుడి పేరు రాశాను. నిల్వ ముందుకు తెచ్చాను, అంటే పాత పేరు మీద తేలిన మొత్తాన్ని కొత్త పేరు కిందికి మార్చాను. కొట్టు, కోల్డ్ స్టోరేజీలో వాటా, లక్ష్మీపురంలో మేడ, ఊరి చుట్టూ స్థలాలు, అన్నీ ఒక్క రూపాయి వారసత్వ పన్ను లేకుండా పేరు మారాయి. కుర్రవాడు మంచివాడే, అప్పటికి 26 ఏళ్లు. తాలు కాయకూ మేలు కాయకూ తేడా అడిగితే నా వైపు చూసేవాడు.

అదే ఏడాది అదే పుస్తకంలో ఇంకో పేరు కూడా మార్చాను. ఆమె కోల్డ్ స్టోరేజీ ఆవరణలో గోనెపట్టా పరచుకుని మిరపకాయల తొడిమలు తీసేది. ముక్కుకు అడ్డంగా కొంగు బిగించి పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా అదే పని. కూలి కిలోల లెక్కన. ఇంటికి వెళ్లాక మజ్జిగలో వేళ్లు ముంచుకుని కూర్చుంటే గాని మంట చల్లారదనేది. కూలి తీసుకున్నట్టు పుస్తకంలో వేలిముద్ర వేస్తే నల్లటి మచ్చ తప్ప గీతలు కనిపించేవి కావు, అరిగిపోయాయి. ఆమె పోయేనాటికి కూతురి పెళ్లికి తీసుకున్న అడ్వాన్సులో పదకొండు వేలు మిగిలి ఉంది. కూతురి పేరు మీద రాయమన్నారు, రాశాను. ఆ నిల్వ కూడా ముందుకే తెచ్చాను. మరుసటి సీజనుకు ఆ అమ్మాయి వచ్చి అదే పట్టా మీద కూర్చుంది. వారానికోసారి కొట్టు గడప దగ్గర నిలబడి, “బాబాయిగారూ, ఇంకా ఎంత ఉంది?” అని అడిగేది.

మన దేశంలోనూ వారసత్వం మీద పన్ను ఉండేది. 1953లో ఎస్టేట్ డ్యూటీ అని తెచ్చారు, 1985లో ఆర్థిక మంత్రి వి.పి. సింగ్ రద్దు చేశారు. ఏటా వచ్చేది సుమారు 20 కోట్లే, దాంతో పోలిస్తే వసూలు ఖర్చు ఎక్కువ అన్నారు. గుమస్తాగా ఆ మాట నాకు బాగా అర్థమవుతుంది. ఆ రోజుల్లో మా కొట్టులో రెండు పుస్తకాలు ఉండేవి, ఒకటి పన్ను అధికారికి, ఒకటి యజమానికి. రెండూ నా చేతి రాతే. పైగా పన్ను పోనుపోను 85 శాతం దాకా పెంచారు, అంత పెడితే దాచుకోక ఏం చేస్తారు? ఆ తరువాత 2015లో అరుణ్ జైట్లీ సంపద పన్నును కూడా తీసేశారు. 2013-14లో దాని రాబడి 1,008 కోట్లేనన్నారు. బదులుగా కోటి దాటిన ఆదాయం మీద మరో రెండు శాతం సర్‌ఛార్జి వేశారు. ఆదాయం మీద! ఎర్ర సిరాతో పేరు మారితే వచ్చింది ఏ పద్దు కింద ఆదాయమో నాకు ఇప్పటికీ తెలియదు.

వసూలు కష్టమన్న సాకు ఇప్పుడు చెల్లదు. ఖరీదైన స్థలం కొంటే పాన్ కావాలి, షేర్లు చాలావరకు డీమ్యాట్ ఖాతాల్లో, అంటే కంప్యూటర్ లెక్కల్లో ఉన్నాయి. తొడిమలు తీసేవాళ్ల వేళ్లు యంత్రానికి ఆనకపోతే రేషను ఇవ్వకుండా నిలబెట్టగల ప్రభుత్వానికి, కోల్డ్ స్టోరేజీ ఎవరి పేరు మీదకు మారిందో తెలియదంటే నేను నమ్మను.

నేను 85 శాతం వేయమనడం లేదు. జపాన్‌లో గరిష్ఠంగా 55, బ్రిటన్‌లో 40 శాతం ఉంది. మనం వారసుడికి వచ్చే పది కోట్ల దాకా వదిలేసి, ఆపైన 20 శాతంతో మొదలుపెట్టినా చాలు. పొలాలు పోతాయని రైతులను భయపెట్టేవారికి ఒక మాట. సాగుభూమి మీద ఈ సుంకం రాజ్యాంగం రాష్ట్రాలకు వదిలింది, కేంద్రానికి వేసే అధికారం లేదు. మిగతా ఆస్తుల మీద వేసే అధికారం రాజ్యాంగంలోని కేంద్ర జాబితా 87, 88 అంశాల్లో ఇప్పటికీ ఉంది. రాజ్యాంగ సవరణ అక్కరలేదు, మామూలు చట్టం చాలు. పెట్టుబడి పారిపోతుందంటారా? కోల్డ్ స్టోరేజీని మూటగట్టుకుని ఎవరూ దుబాయ్ వెళ్లలేరు. 2024 ఎన్నికలప్పుడు ఈ మాట వినబడగానే అధికార పక్షం విరుచుకుపడింది, ప్రతిపక్షం అది తన మాట కాదని తప్పుకుంది. ఈ ఒక్క విషయంలో ఎంత ఐకమత్యం!

సబ్బు మీద జీఎస్టీని 2025 సెప్టెంబరులో 18 నుంచి 5 శాతానికి తగ్గించారు, సంతోషం. అంతకుముందు ఆ అమ్మాయి చేతులు కడుక్కున్న ప్రతిసారీ పన్ను కట్టింది. వారసత్వ పన్ను వస్తే మొదటి రూపాయలు యార్డులో బస్తాల మధ్య తుమ్ముతూ ఆడుకునే కూలీల పిల్లల బడికీ, హాస్టలుకూ పెట్టమని నా మనవి.

ఈ ఉత్తరం చూసి మా పెద్దవాడు, “నాన్నా, మన ఇంటికే ఎసరు పెడుతున్నారు” అన్నాడు. సంగడిగుంటలో మా ఇల్లు తొంభై గజాలు. పది కోట్లకు ఎన్ని గజాల దూరంలో ఉన్నామో కాగితం మీద వేసి చూపించాను. దయచేసి నా పేరు వేయకండి. మా యజమాని కుమారుడు ఇప్పటికీ సంక్రాంతికి నాకు పంచెల చాపు పంపిస్తారు, ఆయన ఇంటికి వచ్చేదీ మీ పత్రికే.

ఒక విశ్రాంత గుమస్తా,
సంగడిగుంట, గుంటూరు