నుమాయిష్‌లో మా పాపను ఆదుకున్న వారందరికీ

నర్సమ్మ గారూ, మీ పేరు అడిగే తీరిక ఆ సాయంత్రం మాకు లేకపోయింది. అడిగినా చెప్పేవారు కాదేమో. హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఏటా జరిగే నుమాయిష్ ప్రదర్శనలో, పూసల దండలమ్మే దుకాణం ముందు, రెండేళ్లు దాటిన మా పాప ముక్కులో ఇరుక్కున్న ఎర్రపూసను బయటికి రప్పించారు మీరు. "నేనేం చేశాను, ఊదింది వాళ్లమ్మే కదా" అని అక్కడే తేల్చేశారు. అయినా సరే, మొదటి దండం మీకే.

సంక్రాంతి సెలవుల్లో పిల్లను నుమాయిష్‌కు తీసుకెళ్లాలన్నది మా అత్తగారి పంతం. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ఇది మొదలైందని, ఉస్మానియా పట్టభద్రులు పూనుకుని పెట్టారని, 1946లో నాంపల్లికి మారిందని ఏటా మాకు పాఠం చెబుతారు. ఈసారి మెట్రోలో ఆ పాఠం మనవరాలికి మొదలుపెట్టారు. ఆ మనవరాలుగారేమో తన మంకీ క్యాప్ పీకే పనిలో ఉన్నారు. గాంధీభవన్ స్టేషన్‌లో దిగేసరికి టోపీ నా సంచిలో ఉంది, చరిత్ర ఇంకా 1946 దాటలేదు.

పెద్దవాళ్లకు నుమాయిష్ అంటే దీపాలు, జెయింట్ వీలు, మిర్చి బజ్జీలు, బేరాలు. నడక నేర్చిన పిల్లకు కనిపించేవి మాత్రం జనం మోకాళ్లే. ఆ మోకాళ్ల మధ్య నుంచి తన ఎత్తుకు సరిగ్గా అందే వింత ఒకటి దొరికింది: రంగురంగుల పూసలు పోసిన స్టీలు గిన్నెలు. మా వారు టాయ్ ట్రైన్ టికెట్ల వరుసలో ఉన్నారు. అత్తగారు దండ ధర అడుగుతున్నారు. పాప చేయి నా చేతిలోనే ఉంది. రెండో చేయి గిన్నెలోకి, గిన్నెలోంచి ముక్కులోకి వెళ్లడానికి ఎంతసేపు పడుతుంది? తర్వాత తలెత్తి నన్ను చూసి, ముక్కు చూపించి, గొప్పగా "లోపల" అంది.

నేను అరిచాను. నా అరుపుకు అది ఏడుపు అందుకుంది. ఏడుస్తున్న పిల్ల ఎక్కడ పూసను ఇంకా లోపలికి పీల్చేస్తుందోనని నాకు కాళ్లు ఆడలేదు. చుట్టూ జనం మూగారు, సలహాలు మొదలయ్యాయి. ఒకామె చీర పిన్నీసు తీసి ఇవ్వబోయింది. ఒక పెద్దాయన జేబులోంచి పొడుం డబ్బా తీసి, చిటికెడు పట్టిస్తే తుమ్ముతో ఊడిపడుతుందన్నారు. తాతగారూ, మీ మనసుకు నమస్కారం. మీ పొడుంకు మాత్రం కాదు.

అప్పుడు వచ్చారు మీరు, నర్సమ్మ గారూ. "ఎవరూ వేలు పెట్టకండి, పిన్నీసు అసలే వద్దు. కదిలిస్తే ఇంకా పైకి పోతుంది" అన్నారు. మీరు అడిగిన మొదటి ప్రశ్న నాకు ఆ క్షణాన అర్థం కాలేదు: "పూసేనా? బిళ్ల బ్యాటరీ కాదు కదా?" దుకాణం అతను అలాంటి పూసనే తీసి మీ అరచేతిలో పెట్టాడు. నున్నగా, గుండ్రంగా, శనగగింజంత. అది చూశాకే మీ ముఖం తేటపడింది. పాప ఊపిరికి ఇబ్బంది లేదని కూడా మీరు చూసుకున్నారు.

పక్క దుకాణం కశ్మీరీ భాయ్ గారికి రెండో దండం. చేతులు కదలకుండా చుట్టడానికి ఏదైనా గుడ్డ కావాలని నర్సమ్మ గారు అనడమే ఆలస్యం, తాడు మీద వేలాడుతున్న కొత్త శాలువాను లాగి ఇచ్చేశారు. బాదంరంగు శాలువా, అంచున ఎర్ర కుట్టుపని. మా అత్తగారు కుర్చీలో కూర్చుని, శాలువాలో చుట్టిన మనవరాలిని ఒళ్లో పట్టుకున్నారు. జనాన్ని వెనక్కి జరిపి గాలి ఆడేలా చేసిన మహిళా కానిస్టేబుల్ గారికీ మా కృతజ్ఞతలు.

తర్వాత చేసింది చాలామంది తల్లులకు తెలియదు, నాకూ అంతవరకు తెలియదు. కాబట్టి వివరంగా రాస్తున్నాను. పూస లేని ముక్కుపుటాన్ని నేను వేలితో మూశాను. పాపకు ముద్దు పెడుతున్నట్టే దగ్గరికి వెళ్లి, తన నోటిని నా నోటితో గాలి పోకుండా పూర్తిగా మూసి, ఒక్కసారి చిన్నగా, గట్టిగా ఊదాను. ఆ గాలికి పిల్ల గొంతు దానంతటదే మూసుకుంటుందట. అప్పుడు గాలి ఊపిరితిత్తుల్లోకి పోలేక ముక్కు వెనక నుంచి తిరిగి, అడ్డున్న వస్తువును ముందుకు తోస్తుందట. వైద్యులు దీన్ని మదర్స్ కిస్ అంటారని మీరే చెప్పారు. మొదట పూస రాలేదు. "కిందికి జారింది, కనిపిస్తోంది, మళ్లీ" అన్నారు మీరు. మళ్లీ ఊదితే చీమిడితో సహా వచ్చి నా చెంపకు తగిలింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. పాప ఏడుపు ఆపి, తనూ చప్పట్లు కొట్టింది!

రాకపోతే కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రి దగ్గరే ఉంది, ఇక్కడే కూర్చుని ప్రయోగాలు చేయవద్దు అని మీరు ముందే చెప్పి పెట్టారు. రెండో ముక్కు, చెవులు కూడా ఫోను వెలుగులో చూశారు. ఇలా ఒకటి పెట్టుకున్న పిల్ల ఇంకోటి కూడా పెట్టుకుని ఉండవచ్చట. రాబోయే రోజుల్లో ఒక ముక్కు నుంచే వాసనతో చీమిడి కారితే డాక్టరు దగ్గరికి వెళ్లమన్నారు. అలాంటిదేమీ లేదు, పాప కులాసాగా ఉంది.

బ్యాటరీ ప్రశ్న మాత్రం ఇంటికొచ్చాక నా బుర్రలో దిగింది. మెరిసే కొమ్ముల హెయిర్‌బ్యాండు, వెలిగే ఉంగరం, గిరగిరా తిరిగే దీపాల బొంగరం: పండుగ సాయంత్రాల్లో పిల్లలకు మనం కొనిచ్చే సగం బొమ్మల్లో ఉండేవి ఆ బిళ్ల బ్యాటరీలే. అది ముక్కులో చిక్కితే తడి తగిలి కొద్ది గంటల్లోనే లోపలి పొరను కాల్చేస్తుంది. మధ్య గోడకు రంధ్రం కూడా పడవచ్చు. అప్పుడు తాత్సారం చేయకుండా ఆస్పత్రికి పరుగెత్తడమే. మా ఇంట్లో బ్యాటరీ మూతకు స్క్రూ లేని దీపాల బొమ్మలన్నీ అటక ఎక్కాయి. అత్తగారు కాస్త గొణిగారు గాని, పాపకు అవి గుర్తు కూడా లేవు.

మా వారు టాయ్ ట్రైన్ టికెట్లు ఊపుకుంటూ వచ్చేసరికి అంతా అయిపోయింది. ఇప్పటికీ ఆ కథను తను చూసినట్టే చెబుతున్నారు, అది వేరే సంగతి.

భాయ్ గారూ, చీమిడి అంటిన శాలువాకు డబ్బు ఇస్తామంటే "పిల్లకు దీవెన అనుకోండి" అని దాన్నే మా భుజాన వేసి పంపారు. అంత ఊరికే ఉంచుకోలేం. ఫిబ్రవరి 15న నుమాయిష్ ముగిసేలోపు వచ్చి ఇంకో రెండు కొంటాం, ఈసారి మా అత్తగారిని బేరం ఆడనివ్వం. నర్సమ్మ గారూ, మీరు మళ్లీ అటు వెళితే ఆయన దగ్గర మీ పేరు, పనిచేసే ఆస్పత్రి చెప్పి వెళ్లండి. అరిసెల డబ్బా ఒకటి ఆయనకు అప్పగించి ఉంచుతాం.