అంబులెన్స్ అన్నతో సహా అందరికీ థాంక్స్

మా పాపకి నిన్నటితో ఇరవై ఒక్క రోజులు నిండాయి. బారసాల హడావుడి తీరింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

మొదటి కాన్పు పెద్ద ఆస్పత్రిలోనే అయింది. బాబు క్షేమంగా పుట్టాడు, అందులో వంక పెట్టను. కానీ తొమ్మిది గంటలు వెల్లకిలా పడుకోబెట్టారు. మా ఆయన్ని లోపలికి రానివ్వలేదు, కుట్లు ఎందుకు పడ్డాయో ఎవరూ చెప్పలేదు. రెండోసారి నెల తప్పినప్పుడు ఆ గది గుర్తొచ్చి నిద్ర పట్టేది కాదు. హైదరాబాద్‌లోనే మిడ్‌వైఫ్‌లు, అంటే కాన్పులు చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు, కాన్పు చేసే బర్త్ సెంటర్ ఉందని మా ఆఫీసులో ఒక అక్క చెప్పింది. మొదటి థాంక్స్ ఆ అక్కకి.

మొదటి విజిట్‌కి మా ఆయన లెక్కలు పట్టుకొచ్చాడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటులో అయితే 81.5. అక్కడి మిడ్‌వైఫ్ సిస్టర్ అంతా విని, "లెక్కలు చూసి రాకండి సార్, మేడమ్ బీపీ, స్కానింగ్ రిపోర్టులు చూసుకుని రండి" అన్నారు. తర్వాత ఒక కాగితం ఇచ్చారు. ఏం జరిగితే నన్ను ఆస్పత్రికి పంపించేస్తారో అందులో ఉంది: బీపీ పెరిగితే, మాయ కిందికి ఉంటే, బిడ్డ అడ్డం తిరిగితే, ఉమ్మనీరు పచ్చగా వస్తే, బిడ్డ గుండె చప్పుడు తగ్గితే. కవలలైతే అసలు తీసుకోరు. ఏ ఆస్పత్రికి, ఎన్ని నిమిషాల్లో అన్నదీ రాసి ఉంది. నాకు నమ్మకం కుదిరింది ఆ కాగితంతోనే, నొప్పులప్పుడు కూర్చోవడానికి పెట్టిన నీళ్ళ టబ్బు చూసి కాదు. (ఆ టబ్బు నిండేలోపే పాప వచ్చేసింది, అది వేరే సంగతి.) ఇలాంటి చోటికి వెళ్దామనుకునేవాళ్ళు ముందు ఆ కాగితం అడగండి.

అమ్మ మాత్రం "ఈ రోజుల్లో మంత్రసాని ఏంటే?" అని కూర్చుంది. సిస్టర్ ఓపిగ్గా తన చదువు చెప్పారు. నర్సింగ్ అయ్యాక మళ్ళీ మిడ్‌వైఫరీ శిక్షణ, 2017లో ప్రభుత్వమే కరీంనగర్‌లో నర్సులకు ఇలాంటి శిక్షణ మొదలుపెట్టడం, అన్నీ. అమ్మ తల ఊపింది గానీ ఒప్పుకోలేదని నాకు తెలుసు.

నొప్పులు ముదిరాక నేను మోకాళ్ళ మీద ఉండి మంచం అంచు పట్టుకున్నాను. సిస్టర్ అమ్మ చేయి తీసుకుని నా నడుం కింద పెట్టి, "ఇక్కడ గట్టిగా నొక్కి పట్టండమ్మా" అన్నారు. ఇక ప్రతి నొప్పికీ అమ్మే. పావుగంటకోసారి సిస్టర్ డాప్లర్ అనే చిన్న మెషీన్‌తో బిడ్డ గుండె చప్పుడు వినేవారు, నన్ను కదపకుండా, నేను ఎలా ఉంటే అలాగే. ఆ చప్పుడు వినిపించగానే అమ్మ "ఆఁ, ఉంది ఉంది" అనేది.

పాప పుట్టాక బ్లీడింగ్ కొంచెం ఎక్కువైంది. తొడకి ఇంజెక్షన్ ఇచ్చి పొట్ట గట్టిగా మర్దన చేశారు. ఇంకో సిస్టర్ అప్పటికే అంబులెన్స్‌కి ఫోన్ చేసేశారు. పది నిమిషాల్లో తగ్గింది, కానీ ఆ పది నిమిషాలూ మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇద్దరు సిస్టర్లకీ, తెల్లవారకముందే వచ్చి చూసి వెళ్ళిన డాక్టరమ్మకీ ఏం చెప్పినా తక్కువే.

అంబులెన్స్ అన్న స్ట్రెచర్ దించుకుని గేటు దగ్గర అరగంట నిలబడ్డాడట. అవసరం లేదన్నాక, "ఎవరు పుట్టారు సార్?" అని అడిగి, పాప అంటే నవ్వి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడట. కంగారులో మా ఆయన అతని పేరు అడగలేదు. అన్నా, మీ స్వీటు డబ్బా సెంటర్ రిసెప్షన్‌లో పెట్టించాను. అటు వచ్చినప్పుడు తీసుకోండి.