మాగాయ రాని పెట్టెల గురించి

ఈ వేసవిలో మా నాలుగు పచ్చళ్ళ పెట్టె కొన్నవారిలో 143 మందికి మూడు సీసాలే చేరాయి. ఆవకాయ, గోంగూర, పండుమిరప వచ్చాయి, మాగాయ రాలేదు. అది చాలదన్నట్టు మీ ఫోన్‌కి ‘డెలివరీ పూర్తయింది’ అని మెసేజ్ వచ్చింది. పెట్టెలో పెట్టిన బిల్లులో మాత్రం నాలుగు సరుకులూ ఉన్నాయి. ‘మిగతాది పది రోజుల్లో’ అని మేం పెట్టిన మెసేజ్ అన్నిటికన్నా పెద్ద తప్పు. మాగాయ ఈ ఏడాదికి ఇక లేదు.

ఎందుకు లేదో చెప్పాలి. మాగాయకి గట్టి పుల్లకాయ కావాలి. చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి మూడు రోజులు ఊరబెడతాం. తర్వాత ముక్కని పిండి ఎండలో వేస్తాం, ఊటని కూడా ఎండలో పెడతాం. లోపల పసుపు తిరిగిన దోరకాయతో ఈ పని నడవదు. పులుపు చాలదు, ముక్క ఎండే బదులు మెత్తబడుతుంది, తీపి దిగిన ఊట నురగ కడుతుంది. వాన పడ్డాక కోసిన కాయైతే మరీ అన్యాయం, ఎంత ఉప్పు వేసినా బూజు భయం పోదు. నూజివీడు వైపు నుంచి కాయ తెచ్చే వ్యాపారికి సగం సొమ్ము ముందే ఇచ్చాం. రోహిణి కార్తె చివర్లో 40 ట్రేలు దింపాడు. పై రెండు వరుసలూ ముచ్చటైన కాయ, కిందంతా దోరకాయ, అందులోనూ సగం వాన తిన్నది. అడిగితే, “కారం, మెంతిపిండి పడ్డాక ఎవరికి తెలుస్తుందండీ” అన్నాడు. ఆ మాట మాకు ఇంకా గొంతు దిగడం లేదు. మా మాగాయ తినేవాళ్ళకి తెలుస్తుంది. అయినా పై వరుసలు చూసి ట్రేలు దింపించుకున్నది మేమే. ఇకమీదట ప్రతి ట్రేలోనూ అడుగు నుంచి అయిదు కాయలు కోసి చూశాకే తూకం, సొమ్ము.

‘బయట కొని పంపొచ్చుగా’ అని కొందరు రాశారు. 150 కిలోలు తయారు సరుకు ఇస్తామని ఒక ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చారు కూడా. లేబుల్ మీద తయారీదారుగా వాళ్ళ పేరు, ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన లైసెన్స్ నంబరు వేసి, అమ్మేది మేమని రాస్తే చట్టం అడ్డు చెప్పదు. మూడు రోజులు తర్జనభర్జన పడ్డాం. రుచి చూశాం, బాగోలేదని అనం. కాని మీరు డబ్బు కట్టింది దానికి కాదు. మొండితనం అనుకుంటే అనుకోండి, వద్దన్నాం. బదులుగా బెల్లం ఆవకాయ పంపే దారి ఒకటుండేది, అదీ వద్దనుకున్నాం. మా చెకౌట్ పేజీలో ‘సరుకు లేకపోతే అదే ధరది మరొకటి పంపవచ్చు’ అని ముందే టిక్కు పెట్టిన గడి ఉండేది. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం అలాంటి టిక్కు సమ్మతి కిందికి రాదు, కొనేవారు తమంతట తాము నొక్కాలి. అది మా పేజీలో ఇన్నాళ్ళు ఉండటమే సిగ్గుచేటు. తీసేశాం.

ఇక డబ్బు. మా దగ్గర ఎక్కువ వాదన జరిగింది ఇక్కడే. విడివిడిగా ఆవకాయ 520, మాగాయ 560, గోంగూర 480, పండుమిరప 440, మొత్తం 2,000 రూపాయలు. పెట్టెగా 1,800. మరి మాగాయకి ఎంత తిరిగివ్వాలి? మిగిలిన మూడింటికీ విడి ధర కట్టి 1,440 తీసేస్తే 360 వస్తుంది. చాలా దుకాణాలు చేసే లెక్క ఇదే. నాలుగూ కొన్నందుకే తగ్గింపు, మూడే తీసుకున్నారు కనుక తగ్గింపు పోయిందంటారు. నాలుగోది పంపనిది అమ్మినవాడు, శిక్ష కొన్నవాడికా? తగ్గింపుని నాలుగింటికీ ధర ప్రకారం పంచితే మాగాయ వాటా 504. బిల్లులో వేసింది ఇదే, క్రెడిట్ నోటు (బిల్లు తగ్గించినట్టు ఇచ్చే కాగితం) కూడా ఇంతకే ఇస్తాం. మేం పంపుతున్నది మాత్రం పూర్తి 560. పైన 56 మా ఖర్చు. 1,499 దాటితేనే డెలివరీ ఉచితం కదా, ఇప్పుడు మొత్తం తగ్గింది కనుక కొరియర్ ఖర్చు కోస్తారా అని ఒకరు అడిగారు. కోయం. ఇతర దుకాణాల్లో మీకు ఇలా జరిగితే ముందు చూడాల్సింది ఈ రెండు కోతలే. ఏ సరుకుకి ఎంత వేశారో బిల్లు తీసి అడగండి.

560 చాలు అని మీరు ఒప్పుకోనక్కర్లేదు. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం 37వ సెక్షన్ ప్రకారం, మాట్లాడుకున్న దానికన్నా తక్కువ పంపితే కొన్నవారు మొత్తం సరుకే వద్దనవచ్చు. ఉంచుకుంటే, ఉంచుకున్నంత వరకు ఒప్పుకున్న ధర ఇవ్వాలి. విడతలుగా తీసుకోవాలన్న బలవంతం కూడా లేదు, 38వ సెక్షన్ ఆ మాటే అంటుంది. అందుకే మా ‘పది రోజుల్లో’ మెసేజ్ చెల్లదు. సీసాల మూతలు తీయకపోతే మూడూ వెనక్కి పంపండి, కొరియర్ మేం మాట్లాడతాం, 1,800 మొత్తం తిరిగొస్తుంది. మూత తీసిన సీసా మీదే, దాని ధర మాత్రం తగ్గించుకుంటాం.

కార్డుతోనో యూపీఐతోనో కట్టినవారికి కట్టిన దారినే వెనక్కి పంపాం. కార్డుకైతే బ్యాంకుని బట్టి వారం దాకా పట్టొచ్చు. డెలివరీ రోజు నగదు ఇచ్చినవారు, ఆర్డరు పెట్టిన నంబరు నుంచే యూపీఐ ఐడీ పంపండి. డబ్బు అందుకోవడానికి పిన్ను కొట్టాల్సిన పనిలేదు. రిఫండ్ పేరుతో లింకు గాని, క్యూఆర్ గాని వస్తే అది మాది కాదు. డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో చార్జ్‌బ్యాక్ వేసి ఉంటే ఒక మాట చెప్పండి, రెండు దారుల్లోనూ డబ్బు కదిలితే సర్దడానికి నెలలు పడుతుంది.

పెద్ద ఆన్‌లైన్ సంతల్లో కొన్నప్పుడు సరుకు తగ్గితే ‘రిటర్న్’ నొక్కకండి, ‘వస్తువు రాలేదు’ అన్న దారి వెతకండి. రిటర్న్ నొక్కితే, రాని సీసా ఇమ్మని కొరియర్ అబ్బాయి గుమ్మంలో నిలబడతాడు. ఓటీపీ చెప్పినంత మాత్రాన అన్నీ అందాయని కాదు, పెట్టె అందిందని మాత్రమే. లోపల లెక్క తేడా ఉంటే పెట్టె మీద కొరియర్ చీటీ, అందులోని బరువు కనబడేలా ఫోటో తీసి ఉంచండి. నాలుగు కిలోల పచ్చడి పెట్టె మీద 3.4 కిలోలు అని ఉంటే ఇక వాదన అక్కర్లేదు.

మాతో తేలకపోతే వెబ్‌సైట్‌లో మా ఫిర్యాదుల అధికారి ఈమెయిల్ ఉంది. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. సొంత వెబ్‌సైట్‌లో అమ్మే మాలాంటి చిన్నవాళ్ళకీ ఈ నియమం వర్తిస్తుంది. అదీ కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే కేసు వేయొచ్చు. మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు, మా ఊరు రానక్కర్లేదు. కట్టిన ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు, గడువు రెండేళ్ళు. మామీద వేయాలనిపిస్తే వేయండి, ఆర్డరు కాగితాలు మేమే ఇస్తాం.

వచ్చే ఏడు మాగాయకి ముందస్తు ఆర్డర్లు తీసుకోం. ముక్క ఎండి, పోపు పడి, సీసాకెక్కాకే వెబ్‌సైట్‌లో కనబడుతుంది, ఉన్నన్ని సీసాలే.