మా కుట్టు మిషన్లు బాగుచేసిన పెద్దాయనకు, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం విజయవాడలో మా సింగ్ నగర్ కుట్టు కేంద్రంలో మిషన్లు మళ్ళీ తిరిగాయి. ఒళ్ళంతా నొప్పులు, చేతులు ఎంత కడిగినా కిరసనాయిలు వాసన పోవట్లేదు. అయినా ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకోబుద్ధి కావట్లేదు.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మా మీద పడినప్పుడు మిషన్లన్నీ మునిగిపోయాయి. డ్వాక్రా అప్పుతో కొన్నవే ఎక్కువ. నీళ్ళు తీశాక చూస్తే షటిల్ దగ్గర బురద సిమెంటులా గట్టిపడి ఉంది. చక్రం కదల్లేదు. పాత ఇనుముకు వేసెయ్యమని చాలామంది చెప్పారు.

అప్పుడు వన్‌టౌన్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మిషన్ మెకానిక్. మాకు ముక్కూ మొహం తెలియని మనిషి, పేరు రాయొద్దన్నారు. ఒక్కో మిషన్ విప్పే ముందు "ఇది ఎవరిదమ్మా?" అని అడిగి, దాని స్క్రూలు, బాబిన్ కేసు విడిగా ఒక టీ కప్పులో వేసి, కప్పు మీద ఆవిడ పేరు రాయించారు. "ఒకరి సామాను ఇంకొకరి మిషన్‌కి పడితే కుట్టు తేడా వస్తుందమ్మా, ఎవరి చేతి అలవాటు వాళ్ళది" అన్నారు. గోడ వారగా పేర్లతో వరసగా ఉన్న ఆ కప్పులు చూసేసరికి నాకు ఏడుపు ఆగలేదు. వరద వచ్చిన దగ్గర్నుంచీ ఏ లిస్టులో చూసినా మేం నంబర్లమే. బెల్టులకు, నూనెకు అయిన ఖర్చు తప్ప పైసా తీసుకోలేదాయన. అయ్యా, మీ రుణం తీర్చుకోలేం.

వస్త్రలత బట్టల మార్కెట్‌లో ఒక హోల్‌సేల్ షాపు వాళ్ళు తానుల చివరి ముక్కలు మూటలు కట్టి పంపారు. వాటితో సంచులు కుడుతున్నాం, మా వీధి కిరాణా షాపుల వాళ్ళు కొంటామన్నారు. 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల మీద 2022 డిసెంబర్ 31 నుంచే నిషేధం ఉంది. వరద తీశాక మా కాలువల్లో చూడాలి, అన్నీ ఆ కవర్లే.

ఒక బాధ చెప్పుకోవాలి. ఒక పెద్ద కంపెనీ వాళ్ళు వచ్చి, ఫొటోలు తీసుకుని, సీఎస్‌ఆర్ కింద, అంటే కంపెనీలు సమాజ సేవకు పెట్టాల్సిన ఖర్చు కింద, మిషన్లు ఇప్పిస్తామన్నారు. తర్వాత మా సంఘానికి 12ఏ, 80జీ (ఆదాయపు పన్ను శాఖ రిజిస్ట్రేషన్లు), సీఎస్‌ఆర్-1 నంబర్ (సీఎస్‌ఆర్ డబ్బు తీసుకునే సంస్థలకు ఇచ్చే రిజిస్ట్రేషన్), మూడేళ్ళ అనుభవం ఉన్నాయా అని అడిగారు. కాగితాలన్నీ నీళ్ళలో నానిపోయినవాళ్ళం, ఎక్కడ తెస్తాం? కంపెనీ తనే నేరుగా కొనివ్వచ్చు, చట్టం వద్దనలేదు. లాభాల్లో 2 శాతం ఖర్చు పెట్టాలని రాసినవాళ్ళు, మా లాంటి చిన్న సంఘానికి అది చేరే దారి కూడా చూపించాలి కదా. ఆ మెకానిక్ గారికి ఏ చట్టం చెప్పింది రమ్మని?

మా ఆయన, అత్తయ్య, పిల్లలు ఎలాగూ వెంటే ఉన్నారు.

అయ్యో, హాలులో బురద పైపుతో కడిగిచ్చిన ఫైర్ ఇంజన్ సిబ్బందికి దండాలు. మిషన్లు మోసిన ఆటో తమ్ముడికి, పాయకాపురం నుంచి ఇడ్లీలు పంపిన టిఫిన్ బండి అక్కకి కూడా. ఇంకా, ఆ టీ కప్పులు ఊరికే ఇచ్చిన టీ కొట్టు బాబాయికి.